మొదటి నివేదికే తీర్పు: బందీల హత్య, సైనిక న్యాయం – ప్రిటోరియా, కొయ్యూరు, నల్లగొండ

బందీని చంపిన సైనికుడికి బ్రిటిష్ సామ్రాజ్యంలో శిక్ష ఉండేదా అని అడిగితే, ఉండేదనే చెప్పాలి. ఒక సందర్భంలో ఆ శిక్ష మరణదండన దాకా వెళ్లింది. 1902 ఫిబ్రవరి 27న ప్రిటోరియాలో హ్యారీ మోరాంట్, పీటర్ హ్యాండ్‌కాక్ అనే ఇద్దరు లెఫ్టినెంట్లను వాళ్ల సొంత సైన్యమే కాల్చి చంపింది. బోయర్లతో జరిగిన యుద్ధంలో చేతికి చిక్కినవాళ్లను చంపించారన్నది వాళ్లపై రుజువైన నేరం. 22 ఏళ్ల తర్వాత, 1924 మే 7న, విశాఖ మన్యంలో మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో ఉన్న మేజర్ గుడాల్ శిబిరానికి తీసుకొచ్చి, అదే రోజు కాల్చి చంపారు. దానిపై ఏ కోర్టుమార్షలూ జరగలేదు. మరో పాతికేళ్లకు సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల ఊళ్లల్లో మిలిటరీ క్యాంపులు వెలిశాక, పట్టుకున్నవాళ్లను కాల్చి ‘ఎదురుకాల్పుల్లో చచ్చారు’ అని రాసుకున్నారన్న ఆరోపణలు ఆ తరం జ్ఞాపకాల నిండా ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. చట్టం కదిలిందా లేదా అన్నది చట్టంలోని అక్షరాలు తేల్చలేదు. చావు జరిగిన వెంటనే రాసిన మొదటి నివేదిక తేల్చింది. ఆ నివేదికను కాదనే గొంతు ఏదైనా కాగితానికెక్కితే విచారణ జరిగింది. ఎక్కకపోతే నివేదికే తీర్పయి కూర్చుంది.

మోరాంట్ కేసులో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది. అతను పనిచేసిన బుష్‌వెల్ట్ కార్బినీర్స్ ఉత్తర ట్రాన్స్‌వాల్‌లో గెరిల్లా దళాల వెంట తిరిగే చిన్న అశ్వికదళం. 1901 ఆగస్టులో తన కెప్టెన్ హంట్ చనిపోయాక మోరాంట్ పగబట్టాడు. గాయపడి పట్టుబడిన ఫ్లోరిస్ విస్సర్ అనే బోయర్‌ను కాల్పించాడు. అదే నెల 23న ఎనిమిది మంది బందీలను, సెప్టెంబరులో మరో ముగ్గురిని చంపించాడు. ఇవి అడవిలో, ఊళ్లకు దూరంగా, పత్రికల కంటపడకుండా జరిగిన చావులు. అక్కడితో మాసిపోవలసినవి. మాసిపోకపోవడానికి కారణం ఆ దళంలోనే ఉన్న 15 మంది సైనికులు. వాళ్లు 1901 అక్టోబరులో తమ అధికారులు చేసిందంతా రాసి, సంతకాలు పెట్టి పైకి పంపారు. దాంతో అరెస్టులు మొదలయ్యాయి. 1902 జనవరిలో పీటర్స్‌బర్గ్‌లో విచారణ ప్రారంభమైనప్పుడు నిందితులు చంపలేదని బుకాయించలేదు. బందీలను పట్టుకురావద్దని పైనుంచి ఆజ్ఞ ఉందని, బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ ఉద్దేశం అదేనని వాదించారు. ఇక్కడే అసలు కీలకం ఉంది. ‘ఆజ్ఞ మేరకు చంపాం’ అన్నవాడు చంపినట్టు ఒప్పుకున్నాడు. మిగిలింది ఆజ్ఞ ఉందా, ఉంటే అది చెల్లుతుందా అన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది న్యాయస్థానమే. ‘పారిపోబోతుంటే కాల్చాం’ అన్నవాడి విషయంలో నేరమే జరగలేదు కాబట్టి ఏ ప్రశ్నా పుట్టదు.

కొయ్యూరులో సరిగ్గా ఈ రెండో మాటే రాశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలైన పితూరీని అణచడానికి ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసులను, చివరికి అస్సాం రైఫిల్స్‌ను మన్యంలోకి దింపింది. రెండేళ్లు దొరకని మనిషి దొరికాడు. అతని మీద ప్రభుత్వంపై యుద్ధం చేసిన నేరం మోపి కోర్టుకు తేవడం ప్రభుత్వానికి ఎంతో సులభం. ఉరి పడటం కూడా దాదాపు ఖాయం. అయినా అతను కోర్టు మెట్లెక్కలేదు. తప్పించుకుపోబోయాడని, అందుకే కాల్చాల్సి వచ్చిందని ప్రభుత్వం చెప్పింది. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం చెప్పింది, ఇప్పటికీ చెబుతోంది. ఈ రెండు మాటల్లో ఒకటి ఫైలులో చేరింది, రెండోది జనం నోళ్లలో ఉండిపోయింది. బుష్‌వెల్ట్‌లో సైనికుల ఉత్తరం అధికారి మాటకు సాటిగా నిలిచింది. కొయ్యూరులో ఆ శిబిరంలోని ఏ సిపాయి అలాంటి కాగితం మీద సంతకం పెట్టగలడు? పెట్టినా ఎవరికి పంపగలడు? ఆస్ట్రేలియా నుంచి స్వచ్ఛందంగా వచ్చిన దళసభ్యుడికి ఉన్న నోరు కూలికి కొలువు చేసే కానిస్టేబుల్‌కు లేదు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, హోదాకు సంబంధించినది. రాజు పక్షాన ఎవరు చచ్చారో, ఎవరు బతికారో చూసినా ఇదే తేలుతుంది. అతని ముఖ్య అనుచరుడు గాం మల్లుదొర పట్టుబడి విచారణకు వెళ్లాడు, శిక్ష అనుభవించాడు, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. విచారణ దక్కిన తిరుగుబాటుదారు పార్లమెంటులో కూర్చున్నాడు. విచారణ దక్కనివాడు 26 ఏళ్ల వయసుకే కృష్ణదేవిపేటలో సమాధి అయ్యాడు.

ఈ పోలిక చెల్లదని ఒక అభ్యంతరం ఉంది. బోయర్లు యుద్ధం చేస్తున్న రెండు రిపబ్లిక్కుల పౌరులు కాబట్టి వాళ్లు యుద్ధ ఖైదీలని, రాజు సొంత ప్రభుత్వం మీద తిరగబడిన నేరస్థుడు కాబట్టి అతనికి యుద్ధ నియమాలు వర్తించవని అంటారు. ఈ మాటను ఒప్పుకుంటే ప్రభుత్వం మరింత ఇరుక్కుంటుంది. యుద్ధ ఖైదీ కానివాడికి మామూలు క్రిమినల్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం పట్టుబడిన మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలపాలి, కస్టడీలో చావు జరిగితే మేజిస్ట్రేటు విచారించాలి. మరణశిక్ష పడగల నేరం మోపిన మనిషి అరెస్టును ప్రతిఘటించినా, తప్పించుకోబోయినా ప్రాణం తీసేంత బలం వాడవచ్చని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్ సందు ఇచ్చిన మాట నిజం. గుడాల్ పక్షాన చెప్పగల బలమైన వాదం ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ సెక్షన్ అరెస్టు చేసే సమయానికి సంబంధించినది. సాయుధ శిబిరం నడుమ, కాపలాలో ఉన్న మనిషి నిజంగా పారిపోబోయాడా అన్నది సాక్ష్యంతో తేలాల్సిన వాస్తవం. కాల్చినవాడే దాన్ని తేల్చేస్తే, ఆ సెక్షన్ అనుమతి ఇవ్వడంతో ఆగదు, హంతకుడికే న్యాయమూర్తి కుర్చీ వేసిస్తుంది. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులు చనిపోయినప్పుడు, రాజు దళం తమ చేతికి చిక్కగల భారతీయ పోలీసులను వదిలేసిందన్నది ఆ పోరాట చరిత్రలో స్థిరపడిన విషయం. నేరస్థుడన్నవాడు పాటించిన కట్టుబాటు చట్టం పేరుతో వచ్చినవాడు పాటించలేదు.

రెండో అభ్యంతరం ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. మోరాంట్‌ను బలిపశువును చేశారని, బోయర్లతో సంధి కుదరబోతున్న వేళ బ్రిటన్ తన చేతులు కడుక్కోవడానికి ఇద్దరు వలస సైనికులను బలి ఇచ్చిందని అక్కడ ఒక బలమైన అభిప్రాయం ఉంది. వాళ్లతో పాటు శిక్షపడి, యావజ్జీవానికి మార్పు పొందిన జార్జ్ విట్టన్ 1907లో ఒక పుస్తకం రాశాడు. 1980లో బ్రూస్ బెరెస్‌ఫర్డ్ తీసిన సినిమా ఆ అభిప్రాయాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. క్షమాభిక్ష కోరిన అర్జీని బ్రిటిష్ ప్రభుత్వం 2010లో తోసిపుచ్చింది. రాజకీయం లేదని నేను అనను. యుద్ధం 1902 మే 31న ముగిసింది. న్యాయస్థానం దయ చూపమని సిఫారసు చేసినా కిచెనర్ మరణశిక్షనే ఖాయం చేశాడు. కానీ బలిపశువు వాదం నిజమైతే దానివల్ల తేలేది పైవాళ్లను కూడా బోనెక్కించాల్సిందని మాత్రమే. కింది ఇద్దరిని వదిలేయాల్సిందని తేలదు. అదే కేసుల వరుసలో జరిగిన మరో విచారణ ఇంకా ముఖ్యం. ఆ ప్రాంత ఇంటెలిజెన్స్ అధికారి కెప్టెన్ ఆల్ఫ్రెడ్ టేలర్ మీద ఒక ఆఫ్రికన్‌ను చంపిన నేరం కూడా మోపారు. అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. ఒకే చోట, ఒకే సంవత్సరం, ఒకే సైన్యం జరిపిన విచారణల్లో తెల్లవాడైన బందీ ప్రాణానికి రెండు ప్రాణాలు చెల్లించాల్సి వచ్చింది, నల్లవాడి ప్రాణానికి ఏమీ చెల్లలేదు. కొయ్యూరును అర్థం చేసుకోవడానికి మోరాంట్ మరణదండన కంటే టేలర్ విడుదలే మనకు ఎక్కువ పనికొస్తుంది.

మద్రాసు ప్రభుత్వానికి ఇలాంటి చావును విచారించే తీరు తెలియదనడానికి కూడా వీల్లేదు. 1921 నవంబరులో మాప్పిళ్ల తిరుగుబాటు ఖైదీలను తిరూర్ నుంచి మూసిన రైలు పెట్టెలో కుక్కి పంపితే దాదాపు 70 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ దారుణానికి విచారణ సంఘం వేశారు, ఒక సార్జెంటు మీద కేసు నడిచింది. శిక్ష మాత్రం పడలేదు. పంజాబ్‌లో 1872లో మలేర్‌కోట్లాలో విచారణ లేకుండా 49 మంది కూకాలను ఫిరంగులకు కట్టి పేల్చిన డిప్యూటీ కమిషనర్ కోవన్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు, అంతే. మన దేశంలో బందీల చావుకు సామ్రాజ్యం కట్టిన వెల ఈ గీత దాటి పోలేదు.

ఇప్పుడు నల్లగొండకు వద్దాం. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు యాక్షన్‌లో విజయవాడ వైపు నుంచి వచ్చిన యూనియన్ సైన్యం కోదాడ, సూర్యాపేటల మీదుగానే హైదరాబాదు దారి పట్టింది. రజాకార్ల పీడ విరగడైందని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊరట అబద్ధం కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశమూ కాదు. కానీ మేజర్ జనరల్ చౌదరి సైనిక గవర్నరుగా ఉన్న కాలంలోనూ, ఆ తర్వాత 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ దాకానూ, కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంగంలో పనిచేసినవాళ్ల మీద వేట సాగింది. మొత్తం పోరాటంలో మరణాల లెక్కను పుచ్చలపల్లి సుందరయ్య 4,000గా చెప్పారు. వేలమంది జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు. పట్టుకుని కాల్చి, పోరులో చచ్చారని ప్రకటించిన ఘటనలను ఆయన తన గ్రంథంలో ఊరూ పేరూ పెట్టి రాశారు. ఆయన కమ్యూనిస్టు పార్టీ నాయకుడు కాబట్టి ఆయన మాట ఏకపక్షమనవచ్చు. సరే, ప్రభుత్వమే పంపిన మనుషుల మాట చూద్దాం. 1948 చివర్లో సంస్థానంలో పర్యటించిన సుందర్‌లాల్ బృందం సైన్యం క్రమశిక్షణను మొత్తంమీద మెచ్చుకుంటూనే, కొన్నిచోట్ల సైనికులే ముస్లిం మగవాళ్లను ఊళ్ల నుంచి బయటికి తెచ్చి చంపారని నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఒకరు కమ్యూనిస్టు, మరొకరు గాంధేయవాది. వేర్వేరు బాధితుల గురించి రాసిన ఈ ఇద్దరూ చేతికి చిక్కినవాణ్ణి చంపడం జరిగిందనే సాక్ష్యమిస్తున్నారు.

తెలంగాణ దళాలు కూడా దేశ్‌ముఖుల మనుషులను, ఇన్‌ఫార్మర్లను పట్టుకుని చంపలేదా అని ఈ ప్రాంతంలో ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. చంపారు. ఆ ప్రాణాలూ ప్రాణాలే. అయితే ఆ ఆరోపణలకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు కూర్చున్నాయి. నల్లగొండ జిల్లా కేసుల్లో 12 మందికి మరణశిక్షలు పడ్డాయి. వాళ్ల తరఫున లండన్ నుంచి వచ్చిన న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. వకీలును పెట్టుకునే అవకాశమే సరిగా దక్కలేదన్నది నిందితుల ఫిర్యాదు. 1950 జనవరి 26కు ముందే హైదరాబాదు హైకోర్టులో ముగిసిన కేసులు కాబట్టి తాము జోక్యం చేసుకోలేమని సుప్రీంకోర్టు చెప్పింది. జనార్దన్ రెడ్డి కేసుగా న్యాయవాదులకు తెలిసిన తీర్పు అదే. చివరికి ఉరి అమలు కాలేదు. లోపాలు ఎన్ని ఉన్నా అక్కడ ఒక అభియోగం ఉంది, ఒక రికార్డు ఉంది, అప్పీలు ఉంది, ప్రాణం నిలిచే వీలు మిగిలింది. పట్టుబడి క్యాంపు దాటి బయటికి రాని రైతుకు వీటిలో ఒక్కటీ లేదు. రెండు పక్షాలూ చంపాయి కాబట్టి చెల్లుకు చెల్లు అనే వాదం ఈ తేడాను మింగేస్తుంది. యూనిఫారం లేనివాడు చేసిన హత్యకు కోర్టు, యూనిఫారం ఉన్నవాడు చేసిన హత్యకు నివేదిక అనే ఏర్పాటు కొయ్యూరులో దొరల పాలన వదిలి వెళ్లిన ఆస్తి. స్వతంత్ర భారతం దాన్ని అలాగే వారసత్వంగా తీసుకుంది.

ఆ వారసత్వం మన కాలం దాకా నడిచి వచ్చింది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారన్నది పోలీసుల మాట. వాళ్ల మీద ఉన్న ఆరోపణలు ఎంత ఘోరమైనవైనా, వాటిని తేల్చాల్సిన కోర్టుకు వెళ్లే దారిలోనే ఆ చావు జరిగింది. అంతకు ఆరేళ్ల ముందే, 2009 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణ వాదాన్ని విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. మొదటి నివేదికే తీర్పు కాకూడదన్న సూత్రాన్ని ఇంత తేటగా చెప్పిన తెలుగు నేల తీర్పు మరొకటి నాకు కనబడలేదు. సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది, 2014లో పీయూసీఎల్ కేసులో ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేస్తూ తన మార్గదర్శకాలు ఇచ్చింది.

మోరాంట్ మీద ఆస్ట్రేలియాలో పుస్తకాలు, సినిమా, నాటకం, అర్జీలు వచ్చాయి. చనిపోయిన బోయర్ల పేర్లు కూడా ఆ వాదనల్లో నిలిచాయి. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో 1948–51 మధ్య కస్టడీలో చనిపోయినవాళ్లకు ఊరువారీ జాబితా ఒకటి అధికారిక కాగితాలతో సరిచూసి తయారు కావాలి. పార్టీల అమరుల జాబితాలు, జైలు రిజిస్టర్లు, ట్రిబ్యునల్ తీర్పులు, రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని పోలీసు ఫైళ్లు, ఇంకా బతికున్న కుటుంబాల వాఙ్మూలాలు ఒకచోట చేరితే ఆ పని అసాధ్యం కాదు. ఆ తరం పిల్లలు కూడా ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. ఈ జిల్లాల్లోని కళాశాలల చరిత్ర శాఖలు ఆ పనిని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.