గత్తర మిగిల్చిన పిల్ల

మేరీ లెన్నాక్స్ మన తిరుమలగిరి బంగళాల్లో పెరిగిన పిల్లంటే ఎవరైనా నమ్మేస్తారు. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ నవల ‘ది సీక్రెట్ గార్డెన్’ మన దేశంలోనే మొదలవుతుంది. ఏ ఊరో ఆమె చెప్పలేదు. ఆమె ఇండియాలో అడుగు పెట్టిందే లేదు. కానీ తెల్లదొర, విందుల్లో మునిగిన దొరసాని, పిల్లను పెంచే ఆయా, వెనక నౌకర్ల ఇళ్లు, ఇవన్నీ లష్కర్‌కు, అంటే మన సికింద్రాబాద్‌కు, బాగా తెలిసినవే. 1806లో పుట్టిన ఈ కంటోన్మెంటులో, 1857 తిరుగుబాటు తర్వాత తెల్లసిపాయిల కోసం తిరుమలగిరిలో కందకం తవ్వి మరీ దండు కట్టుకున్నారు.

కందకం గత్తరను, అంటే కలరాను, ఆపలేదు. ఆ రోగానికీ సైన్యానికీ ఇక్కడ పాత చుట్టరికం ఉంది. 1813లో జంటనగరాల్లో గత్తర లేచిందని, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి పల్టను డోలీ బోయీ సురిటి అప్పయ్య మహాకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. లష్కర్ బోనాల కథ అదే.

బర్నెట్ కథలోనూ గత్తరే. ముందు ఆయా పోతుంది, తర్వాత తల్లిదండ్రులు. బతికిన నౌకర్లు పారిపోతారు. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి లోపలుందని ఎవరికీ గుర్తుండదు. అక్కణ్ణించి ఆమెను ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు, మేనమామ వరసయ్యే క్రేవెన్ బంగళాకు పంపుతారు. పదేళ్లుగా తాళం పడిన తోట ఉన్నది అక్కడే.

ఆ తోటకు మూలం కెంట్‌లోని గ్రేట్ మేథమ్ హాల్. 1898 నుంచి దాదాపు పదేళ్లు బర్నెట్ అక్కడ అద్దెకుంది. గోడల మధ్య పాడుబడ్డ తోటను గులాబీలతో నింపి, అందులోనే కూర్చుని రాసుకునేది. నవల 1910లో అమెరికాలో పెద్దల పత్రికలో సీరియల్‌గా మొదలై, 1911లో పుస్తకమైంది. ఆమెకు పేరు తెచ్చింది మాత్రం ‘లిటిల్ లార్డ్ ఫాంట్‌లరాయ్’. 1924లో ఆమె పోయినప్పుడు జనం తలచుకున్నదీ ఎక్కువగా దాన్నే. ఇప్పుడు దాన్ని చదివేవారు అరుదు. తోట కథ మాత్రం అచ్చవుతూనే ఉంది.

ఎందుకంటే ఈ అనాథ మనల్ని ఏడిపించదు. అనాథ అనగానే మంచితనం మూటగట్టుకుని రావడం కథల్లో మామూలే. బర్నెట్ రాసిన ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’లో సారా అలాంటిదే. మేరీ పెంకిది, పాలిపోయిన మొహం, ఆయాను పందికూతురని తిట్టే నోరు. ఎవరి జాలీ ఆమెను మార్చదు. మట్టి తవ్వుతుంది, కలుపు పీకుతుంది, ఆకలేస్తుంది, ఒళ్లు చేస్తుంది. మంచం పట్టిన క్రేవెన్ కొడుకు కాలిన్ కూడా ఆ తోటలోనే లేచి నడుస్తాడు. బర్నెట్ పెద్దకొడుకు లయొనెల్ 1890లో పదహారేళ్లకే క్షయతో పోయాడని తెలిస్తే, ఆ ఘట్టం ఇంకోలా చదువుతాం.

నాకు ఒక్కటే గుచ్చుకుంటుంది. ఇంగ్లండు గాలి ఆరోగ్యం, ఇండియా ఎండ రోగం అన్నట్టు రాసిందామె. ఆయాకు పేరు కూడా పెట్టలేదు. అయినా కాలిన్‌కు నిద్ర పట్టనప్పుడు మేరీకి అక్కరకొచ్చింది ఆ ఆయా నేర్పిన హిందుస్తానీ జోలపాటే. సినిమావాళ్లు ఆ ఇండియాను తలోరకంగా మార్చుకున్నారు: 1993 సినిమాలో భూకంపం తల్లిదండ్రుల్ని చంపితే, 2020 సినిమా కథను 1947 విభజన రోజులకు జరిపింది.