1024 గళ్లు

1982. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో. వెల్డింగు వెలుతురుకి మీరు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆర్కాన్సాలోని ఓ మ్యూజియం కోసం సూసన్ కేర్ నిలువెత్తు అడవిపందిని లోహంతో అతుకుతోంది. ఫోన్ మోగింది. హైస్కూలు స్నేహితుడు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్. ఆపిల్‌లో మెకింటాష్ అనే కొత్త కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాస్తున్నాడు. తెర మీదకి బొమ్మలు కావాలి, గీసిపెడతావా అని అడుగుతున్నాడు.

ఆమెకి కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఓనమాలు కూడా రావు. శిల్పాల్లో కనిపించే వ్యంగ్యచిత్రణ మీద పీహెచ్‌డీ మాత్రం ఉంది. సరేనని వెళ్లి చవకలో ఓ గ్రాఫ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చింది. (అలాంటి ఆమె నోట్‌బుక్కులు 2015లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంకి చేరాయి.)

ఇంకాస్త దగ్గరికి వంగి చూడండి. అడ్డం 32, నిలువు 32, మొత్తం 1024 గళ్లు. గడి నింపితే నలుపు, వదిలేస్తే తెలుపు. మధ్యలో బూడిదరంగు లేదు. వంపు గీయాలంటే మెట్లు మెట్లుగా దిగాల్సిందే. రెండు కళ్లు, ఓ ముక్కు, ఓ నవ్వు: యంత్రం ఆన్ కాగానే పలకరించే ముఖం తయారైంది. ఆ నవ్వు చివర ఒక్క గడి అటూఇటూ అయినా వెటకారంలా కనిపిస్తుంది. చిన్నప్పుడు తల్లి నేర్పిన కుట్టుపని ఆ చేతికి ఇప్పుడు అక్కరకొస్తోంది. నన్నడిగితే ఆమె ప్రతిభ ఏ గడి నింపిందన్న దానికన్నా ఏ గడి వదిలేసిందన్న దానిలోనే ఎక్కువ.

1983కి కూపర్టినోలో ఆపిల్ ఉద్యోగి. స్టీవ్ జాబ్స్ మెనూ చూసి మండిపడుతున్నాడు. ప్రతి షార్ట్‌కట్ పక్కనా ఆపిల్ గుర్తే, కంపెనీ గుర్తుని ఇలా వెదజల్లుతారా అని. కేర్ గుర్తుల నిఘంటువొకటి తెచ్చి పేజీలు తిప్పుతోంది. ఓ చోట ఆగింది. నాలుగు మూలలా ముడులు తిరిగిన చతురస్రం. చూడదగ్గ ప్రదేశం ఉందని స్వీడన్‌లో వాడే గుర్తు. ఈరోజుకీ మ్యాక్ కీబోర్డు మీద కమాండ్ మీట మీదున్నది అదే.

యంత్రం మొరాయిస్తే కనిపించే బాంబు కూడా ఆమె గీసిందే. అది జనం కంట పడే అవకాశమే లేదని ప్రోగ్రామర్లు ధీమాగా చెప్పారు. 1984 జనవరి 24న మెకింటాష్ విడుదలైంది. బాంబు చాలామందికే కనిపించింది, పాపం హడలిపోయారు కూడా.

తర్వాత కేర్ జాబ్స్ వెంట నెక్స్ట్ కంపెనీకి, ఆపైన సొంత పనికి. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటైర్ పేకముక్కలు ఆమెవే. మన ఆఫీసుల్లో కంప్యూటర్లు కొత్తగా దిగిన రోజుల్లో మౌస్ పట్టుకోవడానికి జంకిన ఎందరికో చెయ్యి అలవాటైంది ఆ ముక్కల్ని లాగీ లాగీనే.