తాబేలుకు నీళ్లొకటే చాలదు, మెట్టు కావాల

నేను చదివింది తమిళ బడిలో. తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి. ఇంట్లో తాబేలు, బడిలో ఆమై, అంగట్లో కన్నడంలో ఆమె. మూడు మాటలూ విని పెరిగినా, దాని బతుకు నాకు తెలిసింది మాత్రం ఆలస్యంగానే.

మొన్న మన గుంపులో ఒకాయన అడిగినారు, "మనవడి తాబేలు పెద్దదైపోయింది, నంది కల్యాణిలో వదిలేద్దామా?" అని. వద్దన్నా. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాల.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క ఏడాదంతా పారే ఏరు లేదు. చిత్రావతి, పాపాగ్ని, పినాకిని ఇక్కడి కొండల్లోనే పుట్టినా వాన పడితేనే పారతాయి. అందుకే పెద్దలు చెరువులు తవ్వినారు, కల్యాణులు కట్టినారు. మన నీటి తాబేలు వాటిల్లో నత్తలు, కప్పపిల్లలు, చచ్చిన చేపలు తిని నీళ్లు శుభ్రం చేసేది. చెరువెండితే బురదలో దూరి వాన కోసం కాచుకునేది.

నందిలో భోగ నందీశ్వరుని గుడి మొదలు తొమ్మిదో శతాబ్దానిది. అక్కడి కల్యాణికి నాలుగు పక్కలా మెట్లు. మనుషుల కోసం కట్టినవే అయినా తాబేలుకు కావాల్సిందంతా అందులో ఉంది. ఈదడానికి లోతు, నీళ్లెంత తగ్గినా ఎక్కి కూచోడానికి మెట్టు, ఆ మెట్టు మీద ఎండ.

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో ఉండే నక్షత్ర తాబేళ్లు వేరు. అవి మెట్ట తాబేళ్లు, లోతు నీళ్లలో వేస్తే మునిగి చస్తాయి. మన నీటి తాబేలునైనా నక్షత్ర తాబేలునైనా పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇప్పుడు అంగళ్లలో అమ్మేది చెవి దగ్గర ఎర్ర చార ఉండే అమెరికా తాబేలు. మిసిసిపీ నది పక్కది. దాని పిల్లల వల్ల పసిబిడ్డలకు సాల్మొనెల్లా జబ్బు వస్తోందని, నాలుగంగుళాల లోపు వాటి అమ్మకాన్ని 1975లో అమెరికాయే ఆపింది. దాన్ని పట్టుకుంటే చేతులు సబ్బుతో కడగాల.

నా మనవడికి నేనే ఒకటి కొనిచ్చినా, రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది. ప్లాస్టిక్ బేసిన్లో పెట్టి కిటికీ దగ్గర ఉంచినాం. గాజులోంచి వెలుతురు వస్తుందే గాని చిప్పను గట్టిపరిచే కిరణాలు రావని తెలీదు. చిప్ప మెత్తబడి చచ్చిపోయింది. పిల్లోడు రెండు రోజులు అన్నం తినలేదు. తప్పు నాదే.

కాబట్టి అన్నా, దాన్ని వదలొద్దు. గువాహటి ఉగ్రతార గుడి కొలనులో 2018లో ఈ జాతే కనిపించింది. ఎవరో మీలాగే దయతో వదిలినవే అయుంటాయి. ఇవి మన తాబేళ్ల తిండినీ, ఎండ కాగే చోటునూ లాక్కుంటాయి.

ఇంట్లోనే చిన్న కల్యాణి కట్టండి. చిప్ప పొడవు అంగుళానికి 40 లీటర్ల నీళ్ల లెక్కన పెద్ద తొట్టి. చిప్ప పొడవుకు రెండింతల లోతు. ఒక పక్క వాలుగా రాయి, పైన పూర్తిగా ఆరిన చోటు. అక్కడ వేడి దీపం, యూవీబీ దీపం. నీళ్లకు గట్టి ఫిల్టర్. మేడ మీద నీడా ఎండా రెండూ ఉండే సిమెంటు తొట్టైతే ఇంకా మేలు.

అది ముప్పై ఏండ్లు బతకొచ్చు. మన తరువాత మనవడే చూసుకోవాల. కొనేముందు ఆ మాట వాడితో చెప్పి కొనండి. నేను చెప్పలేదు.