గారపంటిపై పింగాణి తెర

మన పాఠ్యపుస్తకాలలో పంటి పైనుండే గట్టి పొరను పింగాణి పొర అని వ్రాస్తారు. ఎనామెల్ అనే ఆ పొర నిజానికి పింగాణి కాదు. సున్నపు ధాతువు, భాస్వరము కలిసి ఎముకకంటె గట్టిగా రూపొందిన పదార్థమది. అయినా ఆ పేరు పెట్టినవారు ఇంటి సంగతులు ఎరిగినవారే అనిపిస్తుంది. ఆవకాయ జాడీని చూడండి. దాని మెరుగు చెడనంతకాలం కారం, నూనె, ఉప్పు ఎన్ని నెలలు ఊరినా లోనికి ఇంకవు. కడిగితే తెల్లగా బయటపడుతుంది. అంచున ఒక పెచ్చు ఊడినదా, ఆ చోటు మాత్రం ఎంత తోమినా ఎర్రగానే ఉండిపోతుంది.

పంటి సంగతీ అంతే. రంగు మారిన పంటిని కప్పటానికి దంతవైద్యులు నేడు అతికించే ‘వెనీర్’ అనే పలుచని రేకు సంగతీ అంతే. ఆ రేకుకు మచ్చ పడకుండా కాపాడుకొనటం ఎట్లా అని అడిగితే, మచ్చకు సందు ఇవ్వకపోవటమే అని ఒక్క మాటలో చెప్పవచ్చును. కాని ఆ సందు ఎక్కడ ఉన్నదో తెలిసికొనటానికి మనుష్యులకు చాలా కాలం పట్టింది. ఆ కథను కొంత ముచ్చటిద్దాము.

తెల్లని పండ్లే అందమని అన్ని దేశాలవారు ఎల్లకాలం అనుకొనలేదు. జపానులో కులీన స్త్రీలు ఇనుపరజను కలిపిన ద్రవంతో పండ్లను నల్లగా నిగనిగలాడేటట్లు చేసికొనేవారు. 1870లో ప్రభుత్వం ప్రభువంశాలవారికి ఆ ఆచారాన్ని నిషేధించింది. 1873లో మహారాణియే తెల్లని పండ్లతో ప్రజలకు కనిపించిన తరువాత అది క్రమంగా వెనుకబడిపోయింది. మన దేశంలోనూ మిస్సీ అనే నల్లని పొడితో పండ్లకు రంగు వేసికొన్న స్త్రీలు ఉన్నారు. తాంబూలపు ఎరుపును మనవారు సింగారంగానే ఎంచారు. తాను కోరి పూసికొన్నది సింగారం. తనను అడగకుండా వచ్చి కూర్చున్నది గార. ఈ రెండవదానిని గురించే మన విచారమంతా.

దాని మూలాన్ని మొదట పట్టుదలతో వెదికినవాడు అమెరికా దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే. చదువు ముగించుకొని 1901లో ఆయన కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వైద్యం ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగినవారిలో చాలామంది పండ్లమీద చాక్లెట్ రంగు మచ్చలు కనిపించాయి. పొగాకు, పాచి, తిండి అని తలకొక కారణం చెప్పుకొనేవారు. ఆనాటి దంతవైద్యులలో అగ్రగణ్యుడైన జి.వి. బ్లాక్ 1909లో స్వయంగా వచ్చి మెకేతో కలిసి పరిశోధించాడు. వారు గమనించినవి రెండు. పెద్దవయసులో ఆ ఊరికి వచ్చి స్థిరపడినవారికి ఈ మచ్చలు రావు. పన్ను చిగురులోపల తయారవుతున్న బాల్యంలోనే దోషం జరుగుతున్నది. రెండవది, ఆ పండ్లు చూపునకు వికారంగా ఉన్నా పుచ్చటం తక్కువ. బ్లాక్ 1915లో మరణించాడు. మెకే మాత్రం వదలిపెట్టలేదు.

ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరిలో కొందరు తలిదండ్రులు తమ పిల్లల పండ్లకు కొత్తగా మచ్చలు వస్తున్నాయని గుర్తించారు. దూరపు వేడినీటి బుగ్గనుండి ఊరికి గొట్టాలు వేసిన తరువాతనే ఇది మొదలైనదని వారి అనుమానం. 1923లో మెకే ఆ ఊరు వెళ్ళి, ఆ నీటిని మానివేయుమని సలహా ఇచ్చాడు. వారు మరొక బుగ్గను ఆశ్రయించారు. కొన్ని ఏండ్లకు, తరువాతి పిల్లలకు మచ్చలేని పండ్లు వచ్చాయి. నీరే దోషి అని తేలింది. నీటిలోని దోషం ఏదో తేలలేదు.

దానిని తేల్చినది అల్యూమినియం సంస్థకు చెందిన రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్. ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే గనుల ఊరు ఆ సంస్థదే. అక్కడి పిల్లలకూ మచ్చలు వచ్చాయి. అల్యూమినియం పాత్రలు ఆరోగ్యానికి చెరుపని అప్పటికే లోకంలో ఒక ప్రచారం ఉన్నది. ఈ అపవాదు కూడ వాటిమీద పడుతుందేమో అని చర్చిల్ భయం. 1931లో ఆయన ఆ ఊరి నీటిని సూక్ష్మంగా పరీక్షింపగా ఫ్లోరైడు అధికంగా కనిపించింది. మెకే పంపిన ఇతర ఊళ్ళ నీళ్ళలోనూ అదే కథ. ముప్పది ఏండ్ల వెదుకులాట ముగిసింది.

ఫ్లోరైడు చేసే పని గమనింపదగినది. పన్ను లోపల తయారవుతుండగా అది హద్దుమీరితే ఎనామెల్ గట్టిగా కూడుకొనక, సూక్ష్మమైన రంధ్రాలతో ఏర్పడుతుంది. పన్ను చిగురునుండి వెలికి వచ్చినప్పుడు సున్నం కొట్టినట్లు తెల్లగా పాలిపోయి ఉంటుంది. తరువాత ఆ రంధ్రాలలోనికి ఆహారపదార్థాల రంగులు చేరి పసుపుగాను, గోధుమవన్నెగాను మారుతుంది. అంటే నీరు సందు చేసి పెడితే, రంగు వచ్చి దానిలో కాపురం పెడుతుంది.

ఈ కథ దూరదేశాలకే పరిమితమైనది కాదు. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు మద్రాసు రాజధానిలోని నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీరు మనుష్యుల ఎముకలనే వంచివేస్తున్నదని ప్రకటించారు. నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధికి మారుపేరుగా వినిపించిన కాలం మనకు తెలియనిది కాదు. ఎముకలు వంగిన ఇళ్ళలో గారపండ్లను వ్యాధిగా కూడ ఎంచరు. కాని పెండ్లిచూపులనాడు పెదవులు విప్పక తలవంచుకొన్న అమ్మాయి మనస్సును, ఫోటో తీసేవాడు నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డుపెట్టుకొన్న పిల్లవాని మనస్సును ఎవరు కొలవగలరు? వారు పండ్లు తోమక తెచ్చుకొన్న మచ్చ కాదది. దాహానికి త్రాగిన నీరు చేసినది. అశుభ్రత అనే నింద మాత్రం వారిమీదనే పడుతుంది.

పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగునకు దించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థవారు 1970వ దశకంలో రూపొందించారు. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు ప్రపంచమంతటా నిలిచింది. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదని, వేరు దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు కడపటి హద్దని మన దేశపు ప్రమాణం.

లోపలినుండి వచ్చే మచ్చ మరొకటి ఉన్నది. భీమవరంలో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిన రోజులలో, 1948లో, డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో అది మొదటిది. ఆ మందులు లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపాయి. అయితే పన్ను తయారయ్యే వయసులో వాటిని వాడితే అవి సున్నపు ధాతువును పట్టుకొని పంటిలోనే ఉండిపోయి, పసుపు, బూడిద వన్నెల పట్టీలు తెస్తాయని 1950వ దశకంలో బయటపడింది. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఈ మందుల విషయమై వైద్యులు జాగ్రత్త వహించటం అప్పటినుండి వచ్చినదే. ప్రాణదాతయైన మందుకు కూడ వేళ తెలియాలి.

ఇక కప్పు విషయానికి వద్దాము. ఒకసారి లోపల పట్టిన మచ్చ తోమితే పోదు గనుక, దానిని కప్పవలెననే ఆలోచన పుట్టింది. దాని పుట్టినిల్లు హాలివుడ్. కాలిఫోర్నియాలోని దంతవైద్యుడు చార్లెస్ పింకస్ 1930వ దశకంలో సినిమా నటుల కోసం పింగాణితో పలుచని ముసుగులు చేసి, కట్టుడుపండ్లు నిలపటానికి వాడే పొడితో అంటించేవాడు. చిత్రీకరణ ముగిసేవరకే వాటి ఆయుస్సు. వాటితో భోజనం చేయటానికి వీలులేదు. అవి పంటిని పట్టుకొని నిలిచేవి కావు. పంటికి, రేకుకు నడుమ సందే వాటి లోపం.

ఆ సందును మూయటానికి మొదటి మెట్టు వేసినవాడు న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరులో పనిచేసిన మైకెల్ బ్యువొనొకోర్. లోహానికి రంగు నిలవటానికి ముందుగా ఆమ్లం పూసే కర్మాగారపు పద్ధతిని ఆయన పంటికి అన్వయించాడు. ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం కొద్ది క్షణాలు ఉంచి కడిగితే సూక్ష్మమైన గరుకుదనం వస్తుందనీ, దానిలో జిగురు వేరు పాతుకొంటుందనీ 1955లో ప్రకటించాడు. ప్రకృతి చేసిన సందు మచ్చకు ఇల్లయితే, వైద్యుడు చేసిన సందు అతుకునకు ఇల్లయింది. తరువాత బోవెన్ కనుగొనగా 1962లో పేటెంటు పొందిన రెసిన్ నుండి నేటి కాంపొజిట్ పూతలు వచ్చాయి.

1970వ దశకంలో ముందుగా అచ్చుపోసిన ఆక్రిలిక్ రేకులను పండ్లకు అతికించి చూచారు. అవి త్వరలోనే అరిగాయి, అంచులవద్ద రంగు పట్టాయి, ఊడిపోయాయి. పంటికి జిగురు అంటినా రేకుకు సరిగా అంటలేదు. 1983లో హార్న్, సైమన్సెన్, కలామియా అనే వైద్యుల పరిశోధనలతో ఆ కొరత తీరింది. పింగాణి రేకు లోపలివైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి, సైలేన్ అనే బంధకం పూసి అతికించటం అప్పటినుండి స్థిరపడింది. ఏ ఫ్లోరిన్ కోటానుకోట్ల పండ్లను మచ్చపరిచినదో, ఆ ఫ్లోరిన్ ఆమ్లమే మచ్చను కప్పే రేకును పంటికి ముడివేసింది. చరిత్రలో ఇటువంటి వింతలు అరుదు.

ఈ చరిత్రను మనస్సులో ఉంచుకొంటే జాగ్రత్తలను బట్టీపట్టనవసరం లేదు. మచ్చ రాగల దారులు మూడు: రేకు ముఖం, రేకు అంచు, రేకు వెనుకనున్న పన్ను.

మొదటిది ముఖం. మెరుగు చెడని పింగాణికి కాఫీ, తేనీరు, పసుపు ఇంకవు. కాంపొజిట్ పూత మాత్రం చెక్కగరిటె వంటిది. పసుపుకూరలో మునిగితే కొంత పీల్చుకొంటుంది. కనుక పూత వేయించుకొన్నవారు మొదటి రెండు రోజులు రంగుపదార్థాలకు దూరంగా ఉండటం, తరువాత కూడ కాఫీ, తేనీరు త్రాగినంతనే నీటితో పుక్కిలించటం మేలు. పొగాకు, వక్క, కాచు ఏ పూతకైనా శత్రువులే. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పెట్టి తోమితే తెలుపు వస్తుందనుకొనటం భ్రమ. గీతలు పడి మెరుగు చెడుతుంది, ఆ గీతలే కొత్త సందులు. మెత్తని బ్రష్షు, గరుకులేని పేస్టు చాలును. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన పుక్కిలింత మందును రోజుల తరబడి వాడితే గోధుమవన్నె పట్టుతుంది. ఆమ్లగుణం గల ఫ్లోరైడు జెల్లు పింగాణి మెరుగును తినివేస్తుంది గనుక, రేకులున్న సంగతి వైద్యునికి ముందే చెప్పి ఆమ్లం లేనిది పెట్టించుకోవాలి.

రెండవది అంచు. వెనీరు చుట్టూ వచ్చే గోధుమరంగు గీత ఎక్కువగా రేకుది కాదు, జిగురుది. అతికించినప్పుడు మిగిలిన జిగురును తీసి నునుపు చేయకపోయినా, చిగురు నెత్తురు తగిలి అతుకు పాడైనా అక్కడ రంగు చేరుతుంది. కనుక చిగుళ్ళవాపు తగ్గిన తరువాతనే పని ప్రారంభించాలి. గోళ్ళు కొరకటం, దారం తెంపటం, సీసామూతలు తీయటం, నిద్రలో పండ్లు నూరటం అంచులను పెచ్చులూడదీస్తాయి. ఏటేటా వైద్యునికి చూపి నునుపు చేయించుకొంటే గీత ముదరదు.

మూడవది వెనుకనున్న పన్ను. రేకు పలుచన, పన్ను నల్లబడితే నీడ పైకి కనిపిస్తుంది. పండ్లను తెల్లపరిచే మందు రేకు రంగును మార్చలేదు. తెల్లపరచటం కావలెనంటే అతికించకముందే చేయించుకొని, కొద్ది వారాలు ఆగి తరువాత రేకు పెట్టించుకోవాలి.

ఒక మాట మరువరాదు. వెనీరు కోసం పలుమారు ఎనామెల్‌ను కొంత అరగదీయవలసి వస్తుంది, అరిగిన ఎనామెల్ మరల మొలవదు. అందుచేత గారపండ్లతో కుమిలిపోయే యువకునికి, యువతికి ఈ తెర వరమే కాని, తేలికగా తీసికొనదగిన అలంకారం కాదు. రేకుకు ఖర్చు పెట్టగల ఇల్లు ఒకటి ఉంటే పెట్టలేని ఇండ్లు పది ఉంటాయి. ఆ పదిండ్ల పిల్లలకు చేయవలసినది వేరు. ఓక్లీలోని తలిదండ్రులు రసాయనశాస్త్రం చదివినవారు కారు. పిల్లల పండ్లను చూచారు, ఊరి నీటిని అనుమానించారు, నలుగురూ కలిసి బుగ్గను మార్చారు. మన ఊరి బావినో, గొట్టపుబావినో పరీక్షింపజేసి, పసిపిల్లవాని గ్లాసులోనికి మంచినీరు వచ్చేటట్లు చూచుకొంటే, ఇరువది ఏండ్ల తరువాత వాని పంటికి ఏ తెరా అక్కరలేదు.