పొంతన కొలమానం: నియామకాల్లో సంస్థ విలువలు, కుటుంబ నేపథ్యం

అభ్యర్థికి పని వస్తే చాలదు, సంస్థ పద్ధతుల్లో ఇమడాలి కూడా అన్న మాట నియామకాలు చేసేవారి నోట తరచూ వినిపిస్తుంది. మాట సబబే. అయితే ఆ పొంతనను దేనితో కొలవాలో ముందుగా తేల్చుకోకపోతే, మన దేశంలో కులమూ కుటుంబమూ కొలమానాలైపోతాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కొలమానం లేక కాదు. పరిశోధకులు చార్లెస్ ఓరైలీ, జెన్నిఫర్ చాట్‌మన్, డేవిడ్ కాల్డ్‌వెల్ 1991లోనే ఒకదాన్ని ప్రకటించారు. అందులో 54 విలువలుంటాయి: సహనం, న్యాయబుద్ధి, సాహసం, సూక్ష్మ వివరాలపై శ్రద్ధ వంటివి. ఉద్యోగార్థి వాటిని తనకున్న ప్రాధాన్యం ప్రకారం తొమ్మిది దొంతరలుగా పేర్చాలి. మొదటి దొంతరలో రెండింటికే చోటు. తర్వాత నాలుగు, ఆరు, తొమ్మిది, నడుమ పన్నెండు. అక్కడి నుంచి అదే లెక్కన తగ్గుతూ చివరికి మళ్లీ రెండు. ‘నాకు అన్నీ ముఖ్యమే’ అని తప్పించుకునే వీలుండదు. సంస్థను బాగా ఎరిగిన ఉద్యోగులు కూడా అవే విలువలను తమ దగ్గర పని నడిచే తీరునుబట్టి పేరుస్తారు. రెండు వరసల మధ్య సహసంబంధమే పొంతన. సంస్థ తన విలువలను తానే ముందుగా పేర్చి చూపాల్సి రావడం ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైన అంశమని నా అభిప్రాయం.

అమెరికాలోని పెద్ద అకౌంటింగ్ సంస్థల్లో కొత్తగా చేరిన ఆడిటర్లపై చాట్‌మన్ అదే ఏడాది ఈ పద్ధతిని ప్రయోగించారు. చేరేనాటికే పొంతన ఉన్నవారు త్వరగా కుదురుకున్నారు, ఉద్యోగంలో తృప్తి పొందారు.

మన దగ్గర జరిగేది వేరు. సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ 25 మంది మానవ వనరుల అధికారులతో మాట్లాడి 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించిన పరిశోధనలో, ప్రతిభే ప్రమాణమన్న అధికారులే కుటుంబ నేపథ్యం అడగడం అవసరమన్నారు. ‘నాన్నగారు ఏం చేస్తారు?’ అన్న ప్రశ్న తెలుగునాట ఇంటర్వ్యూలకు వెళ్లినవారికీ కొత్త కాదు. కూలి పనికి వెళ్లే తండ్రి పేరు చెప్పే అమ్మాయికి ఆ ప్రశ్న ఎంత బరువో అడిగేవారు ఆలోచించాలి. ఆమె నిజాయితీ గురించి గానీ, పనిపట్ల శ్రద్ధ గురించి గానీ ఆ జవాబు ఏమీ చెప్పదు.

అసలు ఇంటర్వ్యూదాకా రానివారి సంగతీ ఉంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు సంస్థల ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేర్లతో పోల్చితే సానుకూల స్పందన అవకాశ నిష్పత్తి దళిత పేర్లకు 0.67, ముస్లిం పేర్లకు 0.33. ఆ దశలో ఎవరి విలువలనూ ఎవరూ పరీక్షించలేదు.

కాబట్టి విలువను పనిలో కనబడే నడవడిగా రాసుకోవాలి. నిజాయితీ కావాలంటే, గడువు ముంచుకొస్తున్నప్పుడు లెక్కలో తప్పు దొరికితే ఏం చేస్తారని అందరినీ ఒకే మాటల్లో అడగాలి. ఇంటర్వ్యూ చేసేవారు తమలో తాము చర్చించుకోకముందే ఎవరి మార్కులు వారు వేయాలి. ఇంటి సంగతులు ఆ గదిలోకి రాకూడదు. చాట్‌మన్ అధ్యయనంలో మరో ఫలితం కూడా ఉంది, దాన్ని మన సంస్థలు పట్టించుకోవాలి: చేరిన తర్వాత సంస్థ తన పద్ధతులను గట్టిగా అలవాటు చేసిన కొత్త ఉద్యోగుల్లో పొంతన మెరుగ్గా కనిపించింది. అంటే మొదటి రోజున పరాయిగా అనిపించిన అభ్యర్థిని తిప్పి పంపడానికి ‘ఇమడడు’ అన్న ఒక్క కారణం సరిపోదు.