పొలిమేర దాటని పేర్లు

కాలవగట్టు మీద వేపచెట్టు. దాని మొదట్లో మూడు రాళ్ళు. ఏళ్ళ తరబడి పూసిన పసుపు కింద రాయి అసలు రంగేమిటో ఎవరికీ తెలీదు. ముందు ఆరిపోయిన ప్రమిద, కొమ్మకు కట్టిన ఎర్ర రవికెల గుడ్డ, కొబ్బరిచిప్పలో చీమలు. కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ గట్టు పట్టుకుని ఓ మైలు నడిస్తే ఇలాంటి చోటు తగలకమానదు. ఊడ్పుల నుంచి ఇంటికెళుతున్న ఆవిణ్ణి ఆపి, "ఈ తల్లి పేరేంటమ్మా?" అని అడిగితే ముందు నవ్వుతుంది.

"అమ్మోరండి."

"అమ్మోరే. పేరు?"

"పేరేటండీ, మా ఊరి అమ్మోరు."

ఇంకాస్త కదిలిస్తే గంగానమ్మ అనో, ముత్యాలమ్మ అనో, సత్తెమ్మ అనో చెబుతుంది. అష్టాదశ పురాణాలూ తిరగేసినా ఈ పేర్లు కనబడవు. వీళ్ళకు స్థలపురాణం రాసిన పండితుడు లేడు, పద్యం చెప్పిన ఆస్థానకవి లేడు. అయినా ఊళ్ళో పిల్లకు పెళ్ళి కుదిరితే మొదటి పసుపు, మొదటి చీర వీళ్ళకే.

గ్రీసు దేశానిదీ ఇదే కథ. గ్రీకు దేవతలనగానే మనకు ఒలింపస్ కొండ మీది జ్యూస్, అపోలో, ఎథీనా గుర్తొస్తారు. కావ్యాలూ పాలరాతి గుళ్ళూ వాళ్ళవే. మామూలు గ్రీకు రైతుకు మాత్రం పొద్దున లేస్తే పనిబడేది చిన్న దేవతలతోనే. ఊటబావికో జలకన్య, ఏటికో దేవుడు, వీధి గుమ్మానికో రాయి. క్రీ.శ. రెండో శతాబ్దంలో దేశమంతా తిరిగి చూసినవన్నీ రాసిపెట్టిన యాత్రికుడు పౌసానియస్, ఫారే అనే చిన్న ఊళ్ళో 30 నలుపలకల రాళ్ళు చూశాడు. ఊరివాళ్ళు ఒక్కో రాయినీ ఒక్కో దేవుడి పేరుతో కొలిచేవారట. పూర్వం గ్రీకులందరూ విగ్రహాలకు బదులు చెక్కని రాళ్ళనే పూజించేవారని కూడా ఆయనే రాశాడు. మన గట్టు మీది మూడు రాళ్ళను చూసుంటే ఆయన వింతపడేవాడు కాదు.

ఏథెన్సులో ఇంటి గుమ్మాల ముందూ వీధి మలుపుల్లోనూ హెర్మీస్ పేర నలుపలకల రాతి స్తంభాలుండేవి. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నౌకాదళం బయల్దేరబోయే ముందు ఒక రాత్రి ఎవరో వాటి ముఖాలు పగలగొట్టారు. నగరం అట్టుడికిపోయింది. విచారణలు, మరణశిక్షలు, పరారీలు. నాలుగు రాళ్ళకింత రభసా అనుకుంటే, మన పోతురాజును తల్చుకోవాలి. అమ్మవార్లు ఏడుగురు అక్కచెల్లెళ్ళని ఊరూరా చెబుతారు. ఆ ఏడు పేర్లూ ఏ రెండూళ్ళలోనూ ఒక్కలా ఉండవు గానీ తమ్ముడు మాత్రం అన్నిచోట్లా పోతురాజే. గుడి ముందు ఓ రాయో, కొయ్య మొద్దో, అంతే ఆయన రూపం. ఆ మొద్దును కదిపితే ఊరు ఊరుకుంటుందా?

*

ఈ దేవతలు భయం పుట్టిన చోటే పుట్టారు. గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఆషాఢమంటే భయం. తొలకరి వానలకు చెరువులోకీ బావిలోకీ కొత్త నీరు చేరేది. దాంతోపాటు వాంతులూ విరేచనాలూ వచ్చేవి. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. మెట్ట అంచున ఉన్న పెద్దాపురంలో మరిడమ్మ జాతర సరిగ్గా ఆ రోజులకే వస్తుంది. జ్యేష్ఠ అమావాస్య రాత్రి మొదలై 37 రోజులు సాగుతుంది. రోగం పేరులోనే ఉంది, మరిడి అంటే కలరా. 1907లో గోదావరి జిల్లా గెజిటీరు రాసిన హెమింగ్వే ఈ జాతర సంగతీ రాశాడు. గోదావరి మరిడమ్మల్లో ఆనాడే అంత పేరున్న తల్లి ఈవిడ.

జాతరంటే గరగలే. కలశం లాంటి పాత్ర, దాని వెనక పడగ విప్పిన పాము, చుట్టూ పూలు, వేపమండలు. దాన్ని నెత్తికెత్తుకున్నవాడు చేత్తో పట్టుకోడు. డప్పు జోరందుకున్నకొద్దీ అడుగు మారుతుంది, నడుము తిరుగుతుంది, మెడ మాత్రం చెక్కు చెదరదు. గుమ్మంలోకి వచ్చిన గరగకు ఆడవాళ్ళు ఎదురొచ్చి బిందెతో పసుపునీళ్ళు అతని కాళ్ళ మీద పోస్తారు. ఆ నీళ్ళు తగిలిన చోట మన్ను చల్లబడితే ఇల్లు చల్లబడినట్టే. చల్లబడటమే మొక్కు. జ్వరానికి మందు లేని రోజుల్లో తల్లిని అడగగలిగింది అదొక్కటే.

ఊళ్ళో జబ్బు ముదిరితే తల్లిని పొలిమేర దాకా సాగనంపేవారు. చిన్న బండి కట్టి, దానిలో నైవేద్యం పెట్టి, రాత్రికి రాత్రి ఊరి ఎల్ల దాటించి వదిలేసేవారు. వెనక్కి తిరిగి చూడకూడదు. ఈ కట్టుబాటు గ్రీకులకూ తెలుసు. మూడు దారులు కలిసే చోటి దేవత పేరు హెకటీ. మూడు దిక్కులా చూసే మూడు రూపాలు, చేతిలో కాగడాలు, వెంట కుక్కలు. చంద్రుడు కనబడని రాత్రి ఆవిడ కోసం కూడలిలో తిండి పెట్టి వచ్చేవారు. ఇల్లు శుద్ధి చేసిన చెత్తనూ అక్కడే పారబోసి, తల తిప్పకుండా ఇంటికి చేరేవారు. ఆ తిండిని బీదవాళ్ళు ఎత్తుకుపోతారని క్రీ.పూ. 388 నాటి నాటకంలో అరిస్టోఫనీస్ ఓ చురక వేశాడు. దిష్టి తీసి మూడు దారుల్లో వేసిన కొబ్బరికాయ మన దగ్గర తెల్లారేసరికి ఎటు పోతుందో అందరికీ తెలిసిందే.

'అమ్మవారు' అని జనం పిలుచుకున్న మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది. ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. కుళాయి నీళ్ళు వచ్చాక కలరా భయమూ సడలింది. లెక్కప్రకారం ఈ తల్లులకు పని అయిపోవాలి. అవలేదు. తుని దగ్గర లోవలోని తలుపులమ్మ ముందు ఇవాళ కొత్త బైకులూ లారీలూ నిమ్మకాయలు కట్టుకుని బారులు తీరుతున్నాయి. భీమవరం మావుళ్ళమ్మకు సంక్రాంతి నాడు మొదలయ్యే ఉత్సవాలను ఉల్లిపాయలు, కూరగాయల వర్తకుల సంఘం జరిపిస్తుంది. భయం రోగం మీంచి రోడ్డు మీదికీ, బేరం మీదికీ మారింది. తల్లి కూడా దాంతోపాటే మారింది.

*

కొందరు దేవతలు భయంలోంచి కాక బాధలోంచి పుట్టారు. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పళ్ళెంలా పరుచుకున్న కొల్లేట్లో కొల్లేటికోట ఒక లంక. అక్కడి తల్లి పెద్దింట్లమ్మ. కోటను ఒడిశా గజపతుల సేనాని ఏలుతుండగా ముస్లిం సైన్యం ముట్టడించిందనీ, నీళ్ళు అడ్డుగా ఉన్నాయని సరస్సు నీటిని సముద్రంలోకి తోడెయ్యడానికి ఉప్పుటేరును లోతుగా తవ్వించిందనీ అక్కడి కథ. నీరు తగ్గిపోతుంటే దిక్కుతోచని సేనాని దేవతను శాంతింపజేయడానికి కన్నకూతుర్నే బలిచ్చాడట. ఆ కాలవకు పేరంటాల కనుమ అని పేరు మిగిలింది.

సేనాని అయిన తండ్రి, కదలని యుద్ధం, బలైన కూతురు. గ్రీకులు ఇదే కథను ఇఫిజనియా పేరుతో చెప్పుకున్నారు. గాలి వీచక ఓడలు రేవులో నిలిచిపోతే అగమెమ్నాన్ బలిపీఠం ఎక్కించిన పిల్ల. ఏథెన్సుకు తూర్పున బ్రౌరాన్‌లో ఆవిణ్ణి కొలిచేవారు. పురిట్లో పోయిన ఆడవాళ్ళ బట్టలు ఆమెకు సమర్పించేవారు. మన ఊళ్ళలో పేరంటాళ్ళకు చీరా రవికా పెట్టే చెయ్యి ఈ సంగతికి ఉలిక్కిపడదు. అన్యాయంగా పోయిన ఆడపిల్లకు ఊరు బాకీపడుతుంది. ఏటేటా గుడ్డ పెట్టి ఆ బాకీలో వడ్డీ కడుతుంది.

బాకీయే కాదు, కృతజ్ఞత కూడా మనిషిని దేవుణ్ణి చేయగలదు. 1833 కరువులో గోదావరి జిల్లా ఎండి మనుషులు వలసపోయారు. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. పల్లపు నేల మాగాణి అయింది. ఆ ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఇవాళ డెల్టాలో ఊరూరా విగ్రహాలు. పుష్కరాల్లో పితృదేవతలతో పాటు ఆయనకూ నీళ్ళు వదిలేవాళ్ళున్నారు. గ్రీకుల్లో ఇందుకు పాత సామ్యం దొరుకుతుంది. క్రీ.పూ. 422లో ఆంఫిపోలిస్ నగరాన్ని కాపాడుతూ చనిపోయిన బ్రాసిడాస్ స్పార్టా మనిషి, పరాయివాడు. అయినా ఊళ్ళోనే సమాధి కట్టి, అతడే మా నగరస్థాపకుడని చెప్పుకుని, ఏటా ఆటలు పెట్టి బలులిచ్చారు. ఊరికి మేలు చేసినవాడి పుట్టుక ఎక్కడని ఏ ఊరూ అడగలేదు.

*

రోగం పోయినా బతికిన ఈ దేవతలకు మరో గండం ఉంది. పెద్ద పేరు. కొల్లేటికోట జాతరలో ఇప్పుడు జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం ముఖ్య ఘట్టం. పెద్దింట్లమ్మ అంటే పెద్ద ఇంటి ఆడపడుచు. జలదుర్గ అంటే శాస్త్రానికి తెలిసిన దేవత. రెండో పేరు గోపురానికి అందం, మొదటిది ఆ లంక జ్ఞాపకం. గట్టు మీది రాళ్ళకు టైల్స్ గుడి కట్టినప్పుడల్లా బోర్డు మీద మొదట ఓ అష్టోత్తర నామం చేరుతుంది. నాలుగేళ్ళకు పాత పేరు బ్రాకెట్లోకి వెళుతుంది. తర్వాత రంగు వేసినప్పుడు బ్రాకెట్ పోతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. మన అమ్మోరు ఎవరికీ తక్కువ కాదన్న ముచ్చటే.

ఇఫిజనియా పేరు చివరికి ఒకచోట ఆర్టెమిస్ దేవికి బిరుదుగా మిగిలింది. ఈజినా ద్వీపంలో కొండ మీద ఓ పాత గుడి ఉంది. 1811లో అక్కడి శిల్పాలను తవ్వి తీసినవాళ్ళు, ఇంత గొప్ప గుడి జ్యూస్‌దే అయ్యుంటుందనుకున్నారు. ఆ శిల్పాలు మ్యూనిక్ చేరాయి. 1901లో జరిగిన తవ్వకాల్లో ఒక శాసనం బయటపడింది. దాని మీద ఉన్నది జ్యూస్ పేరు కాదు, అఫాయా. ఆ దీవికే చెందిన దేవత. 90 ఏళ్ళు తన గుడిలోనే తనకు పేరు లేకుండా ఉండిపోయింది. ఆవిణ్ణి బయటపడేసింది ఒక్క రాతి ముక్క.

మన గంగానమ్మలకు శాసనాలు లేవు. ఉన్నదల్లా ఊడ్పుల నుంచి ఇంటికెళుతున్న ఆవిడ నోరే. ఈసారి కాలవగట్టు మీద ఆగినప్పుడు, "అమ్మోరండి" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఈ తల్లి ఏ రోగానికి వచ్చింది, ఎవరి ఇంటి ఆడపడుచు, ముందు ఎక్కడుండేది? జవాబు ఓ కాగితం మీద రాసుకోండి.

ఫారేలోని 30 రాళ్ళకూ పేర్లుండేవి. పౌసానియస్ రాళ్ళను లెక్కపెట్టాడు. పేర్లు రాసుకోలేదు.