రోగనామము – చికిత్సాక్రమము



పంకజమనగా బురదయందు పుట్టినదని శబ్దార్థము. అయినను బురదలో పుట్టిన పురుగును మనము పంకజమనము. రూఢిచేత తామరనే గ్రహింతుము. కావ్యమునందు దీనివలన హాని లేదు. వైద్యమునందో, పేరునుబట్టి వ్యాధిని వెదకినచో రోగికే నష్టము. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అను స్త్రీవ్యాధి చరిత్రము ఇందులకు నిదర్శనము.

1721లో ఇటలీ వైద్యుడు వల్లిస్నేరి, సంతానము లేని యొక పల్లెపడుచు అండాశయములు పెద్దవై, పావురపు గ్రుడ్లవలె తెల్లగా మెరయుచుండెనని వ్రాసెను. 1921లో ఫ్రాన్సున అషార్, తియేర్ అను వైద్యులు వేరొక లక్షణము చూచి “గడ్డము గల స్త్రీల మధుమేహము” అనిరి. పేరు అవమానకరమే, కాని చక్కెరవ్యాధి సంబంధము దానియందు కలదు. 1935లో చికాగోలో స్టైన్, లెవెంథాల్ అనువారు ఏడుగురు స్త్రీల వృత్తాంతము ప్రకటించిరి. ఉబ్బిన అండాశయమున కొంతభాగము కోసి తీయుటయే వారి చికిత్స. నాటినుండి వైద్యుల దృష్టి అండాశయమునందే నిలిచెను. పేరును దానినే అనుసరించెను.

మనవారు నీటిబుడగలని చెప్పుకొను ఆ కోశములు నిజమునకు బుడగలు కావు, గడ్డలును కావు. పక్వము కాక నిలిచిపోయిన అండపుటికలు. 1980లో ఈ వ్యాధికిని రక్తమునందలి ఇన్సులిన్ ఆధిక్యమునకును సంబంధము బయల్పడెను. 2003లో రాటర్‌డామ్ నగరమున కూడిన వైద్యులు, ఋతుక్రమము తప్పుట, పురుషహార్మోనుల ఆధిక్యము, అండాశయరూపము అను మూడింట రెండున్న చాలునని నిర్ణయించిరి. అనగా పేరు చెప్పు లక్షణము లేకయే వ్యాధి యుండవచ్చును!

ఫలితమేమి? బుడగలు కానరాని స్త్రీ “నీకేమియు లేదు” అనిపించుకొని యింటికి మరలును. సంతానము కోరని స్త్రీకి రక్తపుచక్కెర చూచువారుండరు. ఈ వ్యాధి గల స్త్రీలలో నూటికి 70 మందివరకు దానిని గుర్తింపబడకయే యున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సమావేశపరచిన స్వతంత్ర నిపుణుల సభ, ఈ పేరు భ్రాంతి గొల్పుచున్నదనియు, మార్చవలసినదనియు స్పష్టముగా చెప్పెను.

పేరు మార్చినంతనే రోగము మానునా యని కొందరందురు. మానదు. కాని వైద్యుడేది పరీక్షింపవలెనో, రోగి యేమి యడుగవలెనో మొదట సూచించునది పేరే. రక్తపుచక్కెర, రక్తపుపోటు, మనోవ్యాకులత, ఋతుక్రమము – వీనినన్నిటిని ఒక్కచోట చూపునదే యీ వ్యాధికి తగిన పేరు. ఏ క్రొత్త పేరు వచ్చినను, దానివలన ఒక్క పరీక్షయైన అదనముగా జరుగనిచో, అది మార్పు కాదు, పర్యాయపదము మాత్రమే.